కంపెనీలను పిలిచి పీట వేసిన దేశం: సైగాన్ నుంచి హై ఫాంగ్ దాకా

సోమవారం, హోచిమిన్ సిటీ

హైదరాబాద్ నుంచి వియత్నాంలోని హోచిమిన్ సిటీకి (పాత పేరు సైగాన్) ఇప్పుడు నేరుగా విమానం ఉంది. రాత్రి ఎక్కితే ఒక కునుకు తీసేలోపే దించేస్తుంది. సెప్టెంబరు 2 వాళ్ళ జాతీయ దినం. 2025తో స్వాతంత్ర్య ప్రకటనకు ఎనభై ఏళ్ళు నిండాయి కాబట్టి, ఆ నెల రెండో వారంలో మేం వెళ్ళేసరికి కూడా వీధుల్లో ఎర్రజెండాలు దించలేదు. ఎర్రజెండా కింద జపాన్ బ్యాంకు బోర్డు, దాని పక్కనే కొరియా కాస్మెటిక్స్ షాపు. బెజవాడలో మేడే ఊరేగింపులు చూస్తూ పెరిగినవాడికి ఆ దృశ్యం కాసేపు మింగుడుపడదు.

మాది చిన్న పరిశ్రమలవాళ్ళ బృందం. నాకు సూళ్ళూరుపేట దగ్గర అట్టపెట్టెల యూనిట్ ఉంది. శ్రీసిటీలో కొన్ని ఫ్యాక్టరీలకు కార్టన్లు వేస్తుంటాను. నాతోపాటు భీమవరం వైపు రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటున్న పెద్దాయన (అందరికీ ఆయన బాబాయే), ఆటోనగర్‌లో లారీ స్ప్రింగులు చేసే అన్నదమ్ములు, గుంటూరు నుంచి మిర్చి ఎగుమతి చేసే ఒకాయన, బాలానగర్‌లో ప్లాస్టిక్ మౌల్డులు చేసే మేడమ్ వచ్చారు. ఎవరి లెక్క వాళ్ళది. నా లెక్క ఒక్కటే. పెద్ద పెద్ద విదేశీ కంపెనీలు వచ్చిన చోట, పక్కనే ఉండే నాలాంటివాడికి ఎంత పని దొరుకుతుంది? ఈ దేశం ముప్ఫై ఏళ్ళకు పైగా కంపెనీలను పిలుస్తోంది కాబట్టి జవాబు ఇక్కడ దొరకాలి.

వియత్నాం జనాభా పది కోట్లు. ఆంధ్ర, తెలంగాణ కలిపి చూసుకున్నా అంతకంటే మరీ తక్కువేం కాదు. 2024లో ఈ దేశం ఎగుమతి చేసిన సరుకు విలువ సుమారు 40,500 కోట్ల డాలర్లు. 2024-25లో మొత్తం భారతదేశం ఎగుమతి చేసిన సరుకు 43,700 కోట్ల డాలర్లు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసి చూపిస్తే మా స్ప్రింగుల తమ్ముడు "ఒక సున్నా ఎక్కువ పడిందేమో చూడండి సార్" అన్నాడు. ఎక్కువేం పడలేదు.

మధ్యాహ్నం సైగాన్ దక్షిణాన ఉన్న తాన్ తువాన్ ఎగుమతుల జోన్‌కు తీసుకెళ్ళారు. దేశంలో మొట్టమొదటి జోన్ ఇదే, 1991లో మొదలైంది. ఒకప్పుడు చిత్తడి నేల. ఇప్పుడు చూడడానికి ప్రత్యేకంగా ఏమీ లేదు. పాతబడ్డ షెడ్లు, గేటు దగ్గర మోటార్ సైకిళ్ళ బారు, అంతే. నన్ను ఆపింది ఆ సంవత్సరం. అమెరికా వియత్నాంపై ఆంక్షలు ఎత్తేసింది 1994 ఫిబ్రవరిలో. అంటే పెద్ద కొనుగోలుదారు తలుపు ఇంకా మూసి ఉండగానే వీళ్ళు తైవాన్‌వాళ్ళతో కలిసి జోన్ కట్టేశారు. 1986 డిసెంబరులో కమ్యూనిస్టు పార్టీ మహాసభలో 'డోయ్ మోయ్' సంస్కరణలు తీర్మానించేనాటికి దేశంలో ద్రవ్యోల్బణం నూటికి 700 దాటింది. ఏడాది తిరగ్గానే విదేశీ పెట్టుబడుల చట్టం తెచ్చారు. అమెరికా వస్తుందా, యూరప్ వస్తుందా అని ఎదురుచూడకుండా, వచ్చేవాళ్ళను ముందు రమ్మన్నారు. తైవాన్, సింగపూర్, కొరియా, జపాన్ వచ్చాయి. మిగతావాళ్ళు వాళ్ళను చూసి వచ్చారు.

మంగళవారం, బిన్ యూంగ్

పొద్దున్నే బస్సు. సైగాన్‌కు ఉత్తరాన బిన్ యూంగ్ నిన్నమొన్నటిదాకా వేరే రాష్ట్రం లెక్క. 2025 జూలై 1న దేశంలోని 63 ప్రావిన్సులను 34కి కుదించినప్పుడు ఇది హోచిమిన్ సిటీలో కలిసిపోయింది. పార్కు ఆఫీసులో మమ్మల్ని కలిసిన అమ్మాయి ఇచ్చిన విజిటింగ్ కార్డు మీద పాత ప్రావిన్సు పేరే ఉంది, దాన్ని పెన్నుతో కొట్టేసి పక్కన కొత్త పేరు రాసిచ్చింది. అంత పెద్ద విలీనం ఎంత తొందరగా చేశారో ఆ పెన్ను గీత చూస్తే తెలిసింది.

ఇది వీఎస్ఐపీ, అంటే వియత్నాం సింగపూర్ ఇండస్ట్రియల్ పార్కు. 1996లో మొదలైంది. అప్పటి వియత్నాం ప్రధాని వో వాన్ కియెట్, సింగపూర్ ప్రధాని గోహ్ చోక్ తోంగ్ కూర్చుని మాట్లాడుకున్న ఆలోచన. సింగపూర్ నుంచి సెంబ్‌కార్ప్, ఇక్కడి నుంచి ప్రావిన్సు ప్రభుత్వ కంపెనీ బెకామెక్స్ భాగస్వాములు. సింగపూర్ పేరు బోర్డు మీద ఉంటే చాలు, పెట్టుబడిదారుకు సగం భయం పోతుంది. కాగితాలు సరిగ్గా ఉంటాయి, కరెంటు ఉంటుంది, మాట మారదు అనే నమ్మకాన్ని వాళ్ళు పక్కదేశం నుంచి తెచ్చుకున్నారు. మంచి తెలివి అనే చెప్పాలి.

ప్రెజెంటేషన్ పావుగంటలో అయిపోయింది. మన దగ్గరైతే జ్యోతి ప్రజ్వలనకే అంత పడుతుంది. ఆ తర్వాత ఆ అమ్మాయి మమ్మల్ని ఖాళీగా ఉన్న ఒక షెడ్డు వెనక్కి నడిపించింది. ప్రహరీ బయట ఒక మ్యాన్‌హోల్. సెక్యూరిటీ అతను కొక్కెంతో మూత ఎత్తాడు. మూత మీద ప్లాటు నంబరు పోతపోసి ఉంది. "ఫ్యాక్టరీ మురుగునీరు ఇక్కడిదాకా వస్తుంది సర్. ఇక్కడ మేం శాంపిల్ తీస్తాం. లెక్క ప్రకారం ఉంటే మా సెంట్రల్ ప్లాంటుకు పోతుంది. లేకపోతే మీకు ఫోన్ వస్తుంది" అంది. బాలానగర్ మేడమ్ వంగి లోపలికి చూసింది. బాబాయ్ మోకాళ్ళ నొప్పులు మర్చిపోయి మరీ వంగాడు. రొయ్యల ప్లాంటు పెట్టినవాడికి మురుగునీటి బాధ ఇంకొకరు చెప్పక్కర్లేదు. పెట్టుబడిదారుకు పార్కు చూపించేటప్పుడు ముందుగా మ్యాన్‌హోల్ చూపించడం నేను ఎక్కడా చూడలేదు. గోల్ఫ్ కోర్సు చూపిస్తారు, గెస్ట్‌హౌస్ చూపిస్తారు. ఫ్యాక్టరీ నడిపేవాడి నిద్ర చెడగొట్టేది ఏమిటో ఈ అమ్మాయికి తెలుసు.

షెడ్డు ముందే కట్టి ఉంచుతారు. మిషన్లు దించుకుని బిగించుకోవడమే. కస్టమ్స్ ఆఫీసు పార్కులోనే ఉంది. భూమి అమ్మరు, ఎందుకంటే ఈ దేశంలో భూమికి ప్రైవేటు యజమాని ఉండడు. ప్రజలందరి తరఫున ప్రభుత్వానిదే. పార్కుకు 50 ఏళ్ళ లీజు ఉంటే, మధ్యలో వచ్చినవాడికి మిగిలిన ఏళ్ళే దక్కుతాయి. 1996 నాటి పార్కులో ఇప్పుడు చేరితే ఎన్నేళ్ళు దక్కుతాయో వేళ్ళ మీద లెక్కేసి మా స్ప్రింగుల అన్న పెదవి విరిచాడు. "అప్పు తెచ్చి పెట్టాక బ్యాంకోడికి తాకట్టు ఏం పెడతాం?" అని అడిగాడు. స్థలం వాడుకునే హక్కును తాకట్టు పెట్టొచ్చని చెప్పింది. ఆయనకు తృప్తి కలగలేదు.

పార్కు బయట ఒక ఫర్నిచర్ ఫ్యాక్టరీ చూశాం. బిన్ యూంగ్ ఫర్నిచర్ ఎగుమతులకు పెట్టింది పేరు. లోడింగ్ బే దగ్గర ఐదు పొరల కార్టన్లు గుట్టగా పడి ఉంటే నా కాళ్ళు అటే పోయాయి. అమెరికా వెళ్ళే పెట్టెకు అడుగు ఫ్లాప్ మీద ఒక గుండ్రటి ముద్ర ఉంటుంది. ఎంత బరువు తట్టుకుంటుంది, ఎవరు తయారు చేశారు అన్నవి అందులో ఉంటాయి. ఫ్లాప్ రెండు వేళ్ళతో నొక్కి చూశాను. సరుకు బాగుంది, ఫ్లూట్ (అట్ట పొరల మధ్య ఉండే అలల కాగితం) నలగలేదు. ముద్రలో ఉన్న పేరు మాత్రం వియత్నాం కంపెనీది కాదు. నాకు అందులో పెద్ద ఆశ్చర్యం లేదు. బియన్ హోవా ప్యాకేజింగ్ అని ఇక్కడ పాత కార్టన్ కంపెనీ ఒకటుండేది. 2020లో థాయ్‌లాండ్‌కు చెందిన ఎస్‌సీజీ గ్రూపు దాన్ని దాదాపు మొత్తంగా కొనేసింది. ఫ్యాక్టరీకి విదేశీయుడు వస్తే, పెట్టెకు కూడా విదేశీయుడే వచ్చాడన్నమాట. నా లెక్కలో మొదటి అంకె ఇక్కడ పడింది.

తిరుగుదారిలో వీఎస్ఐపీ మూడో పార్కులో లెగో ఫ్యాక్టరీ కనిపించింది. డెన్మార్క్ బొమ్మల కంపెనీ వంద కోట్ల డాలర్లకు పైగా పెట్టి 2025 ఏప్రిల్‌లో ప్రారంభించింది. షిఫ్టు వదిలే వేళకు హైవే మొత్తం మోటార్ సైకిళ్ళతో నిండిపోయింది. ఆ బళ్ళన్నీ సందుల్లోకి తిరుగుతాయి. అక్కడ వరుసగా ఒంటిగది ఇళ్ళు, గది ముందు బట్టల తాడు, పక్కన గ్యాస్ పొయ్యి. మెకాంగ్ డెల్టా ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలు ఎక్కువట. 2025లో ఈ ప్రాంతంలో కనీస వేతనం నెలకు 49 లక్షల 60 వేల డాంగులు. వినడానికి లక్షలు గానీ అప్పటి లెక్కన మన రూపాయల్లో పదహారున్నర వేలు. ఓవర్‌టైమ్ ఉంటేనే ఇంటికి పంపగలరు. గైడ్ కుర్రాడు ఈ సందులోకి తీసుకెళ్ళడానికి మొదట కొంచెం నీళ్ళు నమిలాడు. బ్రోషర్‌లో ఈ గదుల ఫొటో ఉండదు మరి.

బుధవారం, మళ్ళీ సైగాన్

ఈ రోజు పెద్దగా రాయడానికి లేదు. జపాన్ అప్పుతో కట్టిన మెట్రో మొదటి లైను 2024 డిసెంబరులో మొదలైంది. దాన్నెక్కి హైటెక్ పార్కు దాకా వెళ్ళాం. ఇంటెల్ 2006లో ఇక్కడికి వస్తానంది, 2010లో ప్లాంటు తెరిచింది. ఆ ఒక్క పేరు చూపించి తర్వాత ఎంతమందిని రప్పించారో చెప్పాడు అక్కడి ఆఫీసరు. అదే ఇంటెల్ 2023లో విస్తరణ ఆలోచన పక్కన పెట్టిందని వచ్చిన వార్తల గురించి అడిగితే నవ్వి కాఫీ తాగమన్నాడు. కాఫీ బాగుంది. అడుగున డబ్బా పాలు, పైన చిక్కటి డికాక్షన్, గ్లాసు నిండా ఐసు.

ఆయన చెప్పినవాటిలో పన్నుల విషయం ఒకటి నోట్ చేసుకున్నాను. హైటెక్ కంపెనీకి నాలుగేళ్ళు పన్ను లేదు, తర్వాత తొమ్మిదేళ్ళు సగమే కట్టాలి. దశాబ్దాలుగా వీళ్ళు చూపించిన ఎర ఇదే. కానీ 75 కోట్ల యూరోల టర్నోవర్ దాటిన బహుళజాతి కంపెనీలు ఎక్కడున్నా కనీసం 15 శాతం పన్ను కట్టాలన్న అంతర్జాతీయ ఒప్పందాన్ని 2024 నుంచి వియత్నాం కూడా అమలు చేస్తోంది. ఇక్కడ మాఫీ చేస్తే ఆ డబ్బు ఆ కంపెనీ సొంత దేశం వసూలు చేసుకుంటుంది. అందుకని పన్ను వసూలు చేసి, దాంట్లోంచే శిక్షణకూ పరిశోధనకూ సాయం చేసే నిధి ఒకటి పెట్టారు. చేతికి ఎముక లేకుండా రాయితీలు ప్రకటించే మన రాష్ట్రాలకు ఈ తలనొప్పి ఇంకా సరిగ్గా తగల్లేదు.

మధ్యాహ్నం కాట్ లాయ్ రేవు. దేశంలో ఎక్కువ కంటైనర్లు ఇక్కడి నుంచే కదులుతాయి. నడిపేది రక్షణ శాఖ కిందున్న కంపెనీ. గుంటూరాయన తన తేజ రకం మిర్చి కంటైనర్లు ఇక్కడ దిగుతాయని గర్వంగా చూపించి, ఫ్యుమిగేషన్ కాగితం మీద ఒక తేదీ తేడాకు సరుకు ఎన్ని రోజులు ఆగిందో చెప్పడం మొదలుపెట్టాడు. ఆ కథ రాత్రి భోజనాల దాకా సాగింది.

గురువారం, హనోయ్

పొద్దున విమానం. మధ్యాహ్నం ప్రభుత్వ ఆఫీసులో సమావేశం. విదేశీ పెట్టుబడులు చూసే విభాగం ఇదివరకు ప్రణాళికా శాఖ కింద ఉండేది. 2025 మార్చిలో ఆ శాఖనే తీసుకెళ్ళి ఆర్థిక శాఖలో కలిపేశారు. పార్టీకి కొత్త ప్రధాన కార్యదర్శిగా టో లామ్ వచ్చాక శాఖల మీద, ప్రావిన్సుల మీద కత్తెర పడింది.

మాతో మాట్లాడిన పెద్ద వయసు ఆఫీసరు రివ్వున ఇంగ్లిష్ మాట్లాడతాడు. ఆయన చూపించిన ఒక్క పేజీలో ఒప్పందాల జాబితా ఉంది. 1995లో ఆసియాన్. 2001 చివర అమెరికాతో వాణిజ్య ఒప్పందం అమల్లోకి. 2007 జనవరిలో ప్రపంచ వాణిజ్య సంస్థ. 2019లో పసిఫిక్ దేశాల ఒప్పందం, 2020 ఆగస్టులో యూరప్‌తో, 2022లో ఆర్‌సెప్ (చైనా, జపాన్, ఆసియాన్ దేశాలన్నీ ఉన్న వాణిజ్య ఒప్పందం). "కంపెనీ ఇక్కడికి వచ్చేది మా పది కోట్లమందికి అమ్మడానికి కాదు. ఇక్కడి నుంచి ఎక్కడికి సుంకం లేకుండా పంపొచ్చో చూసుకుని వస్తుంది" అన్నాడు. ఆర్‌సెప్ చర్చల నుంచి 2019 నవంబరులో బయటికొచ్చిన దేశంవాళ్ళం మేం. బల్లకు ఇటువైపు ఎవరూ మాట్లాడలేదు. మన భయం మనది. పాలరైతు, చైనా సరుకు. అది లేనిపోని భయమని నేను అనను. కానీ ఆయన పేజీ పక్కన మన పేజీ పెట్టి చూసే జపాన్‌వాడు ఏం అనుకుంటాడో ఊహించడం కష్టం కాదు.

పెద్ద దేశాలతో వీళ్ళ వరస కూడా చిత్రమే. 2023 సెప్టెంబరులో బైడెన్ ఇక్కడికి వచ్చి సంబంధాలను అన్నిటికంటే పై మెట్టుకు తీసుకెళ్ళాడు. డిసెంబరులో షీ జిన్‌పింగ్ వచ్చాడు. 2024 జూన్‌లో పుతిన్. ముగ్గురికీ ఇదే ఊళ్ళో విందు. అవతలివాడి గురించి ఇవతలివాడి దగ్గర నోరు జారకుండా అందరికీ సరుకు అమ్ముకుంటున్నారు.

నాకు అన్నిటికంటే నచ్చింది ర్యాంకుల పుస్తకం. వియత్నాం వాణిజ్య పరిశ్రమల మండలి 2005 నుంచి ఏటా ప్రావిన్సులకు మార్కులేస్తుంది. మార్కులు వేసేది ప్రభుత్వం కాదు, వ్యాపారులు. వేలాదిమందిని అడుగుతారు. లైసెన్సుకు ఎన్నాళ్ళు పట్టింది, తనిఖీలకు ఎన్నిసార్లు వచ్చారు, బల్ల కింద ఎంత ఇవ్వాల్సి వచ్చింది. ఈ ఆఖరి ప్రశ్న అచ్చేసి మరీ అడుగుతారు. క్వాంగ్ నిన్ ప్రావిన్సు 2017 నుంచి 2023 దాకా వరసగా మొదటి స్థానంలో నిలిచింది. 2024 ర్యాంకుల్లో హై ఫాంగ్ దాన్ని దాటింది. కింద పడ్డ ప్రావిన్సు అధికారులకు టెన్షన్ మొదలవుతుంది. దక్షిణాన దోంగ్ తాప్ అనే వ్యవసాయ ప్రాంతంలో అధికారులు పొద్దున్నే వ్యాపారులతో కాఫీకి కూర్చునే ఆనవాయితీ పెట్టారట. మన దగ్గర సదస్సు అయిన మర్నాడు పేపర్లో ఎన్ని లక్షల కోట్ల ఎంవోయూలో మొదటి పేజీలో వస్తుంది. అందులో ఎన్ని గ్రౌండ్ అయ్యాయో, గ్రౌండ్ అయినవాళ్ళు ఏమంటున్నారో అడిగి అచ్చేసే పుస్తకం ఒకటి ఉంటే నేనే కార్టన్లలో ప్యాక్ చేసి ఉచితంగా పంచిపెడతాను.

అలాగని ఇక్కడంతా సాఫీగా ఉందని కాదు. చనిపోయిన పార్టీ నేత న్గుయెన్ ఫూ ట్రోంగ్ అవినీతి మీద నడిపిన దాడిని వీళ్ళు 'మండే కొలిమి' అంటారు. మంత్రులు జైలుకెళ్ళారు, ఇద్దరు దేశాధ్యక్షులు రాజీనామా చేశారు. దాని ఫలితం ఇంకోటి కూడా ఉంది. కింది ఆఫీసర్లు సంతకం పెట్టడానికే జంకారు. ఫైలు ఆపితే తప్పు కాదు, కదిపితేనే ప్రమాదం అన్నట్టు తయారైంది. ఈ మాట నాకు ఆఫీసరు చెప్పలేదు, రాత్రి ఫో (వాళ్ళ నూడుల్స్ సూపు) తింటున్నప్పుడు పక్క టేబుల్‌లో పరిచయమైన కొరియా కాంట్రాక్టరు చెప్పాడు. బాబాయ్ మాత్రం ఫో గిన్నెలో గుంటూరాయన దగ్గరున్న కారప్పొడి కలుపుకుని "ఇప్పుడు తినొచ్చు" అన్నాడు.

శుక్రవారం, బాక్ నిన్

హనోయ్ నుంచి గంట ప్రయాణం. పక్కనున్న బాక్ జియాంగ్‌ను కూడా 2025 జూలైలో దీంట్లో కలిపారు. 2008లో సామ్‌సంగ్ ఇక్కడి యెన్ ఫోంగ్‌లో ఫోన్ల ఫ్యాక్టరీకి అనుమతి తీసుకుంది, మరుసటి ఏడే ఫోన్లు బయటికొచ్చాయి. తర్వాత ఉత్తరాన తాయ్ న్గుయెన్‌లో ఇంకా పెద్దది పెట్టింది. ఇప్పటిదాకా 2,200 కోట్ల డాలర్లకు పైగా పెట్టింది. దేశం మొత్తం ఎగుమతుల్లో ఏడో వంతు ఈ ఒక్క కంపెనీదే. మమ్మల్ని లోపలికి రానివ్వరు, గేటు బయటి నుంచే చూశాం. ఊళ్ళో బోర్డులన్నీ కొరియా భాషలోనే. కొరియా హోటళ్ళు, కొరియా మంగలిషాపు, కొరియా చర్చి. కియా వచ్చాక పెనుకొండ చుట్టూ కొరియా బోర్డులు మొలిచాయిగానీ దీనితో పోలిస్తే అది ఆరంభమే.

మా అసలు పని ఆ గేటుకు రెండు కిలోమీటర్ల అవతల ఉంది. ఒక వియత్నాం కుటుంబం నడిపే ప్లాస్టిక్ యూనిట్. 2014లో జరిగిన సంగతి ఈ దేశంలో పరిశ్రమలవాళ్ళందరికీ గుర్తుంది. సామ్‌సంగ్ తనకు కావాల్సిన విడిభాగాల పట్టీ బయటపెట్టి, స్థానికంగా ఎవరు చేయగలరని అడిగింది. ఆ నాణ్యతలో, ఆ ధరకు, ఆ సంఖ్యలో చేస్తామని ముందుకొచ్చినవాళ్ళు దాదాపు లేరు. ఒక స్క్రూ కూడా చేసుకోలేమా అని పత్రికల్లో పెద్ద రగడ అయింది. ఆ ఏడాది సామ్‌సంగ్‌కు నేరుగా సరఫరా చేసే వియత్నాం కంపెనీలు నాలుగే. తర్వాత పదేళ్ళలో అది పదుల్లోకి వెళ్ళింది. సామ్‌సంగే కొరియా నిపుణులను పంపి చిన్న యూనిట్లలో మిషన్ల అమరిక, తనిఖీ పద్ధతులు దగ్గరుండి సరిచేయించింది.

ఆ యూనిట్ యజమానురాలు యాభై ఏళ్ళ మనిషి. నేల మీద పసుపు గీతలు, ఏ ట్రాలీ ఎక్కడ ఆగాలో గీత. గోడకు తెల్లబోర్డు మీద గంటగంటకూ చేతిరాతతో రాసిన తిరస్కరణల లెక్క. బాలానగర్ మేడమ్ ఒక మౌల్డు చేతిలోకి తీసుకుని, వెలుతురుకు తిప్పి, అంచు మీద గోరు పెట్టి గీసింది. "ఇది ఇక్కడ చేసింది కాదుగా?" అని అడిగింది. మౌల్డు చైనా నుంచి వస్తుందని, గుళికలు కొరియా నుంచి వస్తాయని, తాము పోత మాత్రం పోస్తామని ఆవిడ ఒప్పుకుంది. మౌల్డు మేం చేసిస్తే ఎంతకు తీసుకుంటారని మా మేడమ్ అక్కడే బేరం మొదలెట్టింది. ఇద్దరూ పావుగంట ఫోన్లో అనువాదం పెట్టుకుని మాట్లాడుకున్నారు. ఈ యాత్రలో నిజంగా వ్యాపారం జరిగే సూచన కనిపించింది ఆ పావుగంటలోనే.

ఈ దేశం ఎగుమతుల్లో నూటికి డెబ్బైకి పైగా విదేశీ కంపెనీలవే. చెన్నై దగ్గరా, అనంతపురం దగ్గరా జరిగింది కూడా ఇదే. పెద్ద కంపెనీ తన వెండర్లను వెంటబెట్టుకు వస్తుంది. కియాతోపాటు కొరియా వెండర్లూ దిగారు. స్థానికుడికి ముందు దక్కేది క్యాంటీను, బస్సులు, సెక్యూరిటీ, అదృష్టం బాగుంటే అట్టపెట్టెలు. అక్కడి నుంచి స్క్రూ దాకా ఎక్కడానికి ఈ దేశానికి ఇన్నేళ్ళు పట్టింది, అదీ సామ్‌సంగ్ చెయ్యి పట్టుకుని ఎక్కిస్తే. పిలవడానికి ప్రభుత్వం పెట్టిన శ్రద్ధలో సగం ఈ పసుపు గీతల మీద మొదట్లోనే పెట్టి ఉంటే అని ఆవిడ కూడా అంది. 2025 మేలో పార్టీ ప్రైవేటు రంగమే దేశానికి ముఖ్యమైన చోదకశక్తి అని తీర్మానం చేసింది. ఆవిడ ఆ తీర్మానం కాపీని ఫ్రేము కట్టించి పెట్టుకుంది. బ్యాంకు మేనేజరు వస్తే కనపడేలాగ.

బయటికొచ్చేముందు కరెంటు గురించి అడిగాను. 2023 మే, జూన్ నెలల్లో ఉత్తర వియత్నాంలో జలాశయాలు ఎండిపోయి విపరీతమైన కోతలు పెట్టారు. ఈ పార్కుల్లో కూడా గంటల తరబడి మిషన్లు ఆగాయి. దెబ్బకు బుద్ధొచ్చి మధ్య వియత్నాం నుంచి 519 కిలోమీటర్ల హైవోల్టేజ్ లైను 2024 ఆగస్టుకల్లా లాగేశారు, ఇంచుమించు ఏడాదికి కాస్త అటూ ఇటూగా. "ఇప్పుడు ఫరవాలేదు, కానీ జనరేటర్ అమ్మలేదు" అంది ఆవిడ.

శనివారం, హై ఫాంగ్

సముద్రం మీద అయిదున్నర కిలోమీటర్ల వంతెన దాటితే లాచ్ హుయెన్ రేవు. వంతెన 2017లో, లోతైన రేవులో మొదటి టెర్మినల్ 2018లో వచ్చాయి. అంతకుముందు ఉత్తరాది సరుకు చిన్న ఓడల్లో సింగపూర్‌కో హాంకాంగ్‌కో వెళ్ళి అక్కడ పెద్ద ఓడ ఎక్కేది. ఇప్పుడు ఇక్కడి నుంచే అమెరికాకు బయల్దేరుతుంది. వంతెన దిగగానే కుడిపక్కన విన్‌ఫాస్ట్ కార్ల ఫ్యాక్టరీ. వియత్నాం సొంత కంపెనీ, 335 హెక్టార్లు. దీన్ని చూసేసరికి స్ప్రింగుల అన్నదమ్ములు బస్సులో లేచి నిలబడ్డారు. ఎందుకంటే ఇదే విన్‌ఫాస్ట్ తూత్తుకుడిలో 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన చేసి 2025 ఆగస్టులో ప్లాంటు ప్రారంభించేసింది. నిన్నటిదాకా పెట్టుబడులను పిలిచిన దేశం ఇప్పుడు పెట్టుబడి పెడుతోంది, తమిళనాడు పీట వేసింది. తూత్తుకుడికి స్ప్రింగులు ఎవరు వేస్తారన్నది అన్నదమ్ముల ప్రశ్న. ఫోన్ నంబరు దొరకలేదు, ఈమెయిల్ దొరికింది.

మధ్యాహ్నం రేవు పక్కనున్న పారిశ్రామిక వాడలో ఆఖరి మీటింగు. బెల్జియంవాళ్ళు 1990లలో మొదలుపెట్టిన వాడ ఇది. ఆ ప్రతినిధి కుర్రాడు స్లైడ్లు తిప్పుతుంటే బాబాయ్ ఆపి నేరుగా సుంకం సంగతి అడిగాడు. ఆ నెలకు, అంటే 2025 సెప్టెంబరుకు, అమెరికాలో మన సరుకు మీద 50 శాతం అదనపు సుంకం, వియత్నాం సరుకు మీద 20. ఏప్రిల్‌లో వీళ్ళకు 46 అన్నారు, మాట్లాడుకుని 20కి దించుకున్నారు. భీమవరం చెరువుల దగ్గర రొయ్య రేటు అప్పటికే పడిపోయింది. బాబాయ్ ప్లాంటు ఒక షిఫ్టే నడుస్తోంది.

"మా ముడి రొయ్య ఇక్కడికి తెచ్చి, ఇక్కడే ఒలిచి, ఉడకబెట్టి, మీ పేరుతో పంపితే?" అన్నాడు. కుర్రాడు ల్యాప్‌టాప్ మూసి, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. వేరే దేశం సరుకు వియత్నాం మీదుగా పంపితే 40 శాతం అంటున్నారని, ఎంత పని చేస్తే ఇక్కడి సరుకు అవుతుందో అమెరికా ఇంకా తేల్చి చెప్పలేదని, ఒలిచినంత మాత్రాన సర్టిఫికెట్ ఇప్పిస్తానని మాత్రం తను చెప్పలేనని అన్నాడు. ప్లాటు అమ్ముకునేవాడు అలా చెప్పడం బాబాయ్‌కి నచ్చింది. కోల్డ్ స్టోరేజీ షెడ్డు అద్దె అయినా చెప్పమన్నాడు. చెప్పాడు. బాబాయ్ జేబులోంచి క్యాలిక్యులేటర్ తీసి, డాంగులను డాలర్లలోకి, డాలర్లను రూపాయల్లోకి మార్చి, వచ్చిన అంకె నాకు చూపించి, తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు నావైపు తిరిగాడు.

"నీ పెట్టెకి ఇక్కడ ఎంత చెబుతున్నార్రా?"

మన దానికంటే రూపాయిన్నర ఎక్కువ అన్నాను.

"అయితే పెట్టెలు మాత్రం మనవే పంపుదువు గానీ" అని మళ్ళీ మొదటి నుంచి లెక్క మొదలుపెట్టాడు.